నీ పోటీ వాడితో కాదు, వాళ్ళ తాతతో

ముందు ఉత్తరం. కాస్త కుదించి పెడుతున్నా, మాటలు మాత్రం ఆ అబ్బాయివే.

"అక్కా నమస్తే. నాకు 27. బెంగళూరులో ఐదేళ్ళుగా ఒకే కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నా, మున్నేకొళాలలో ముగ్గురం కలిసి ఉంటాం. చేతికి 78 వేలు వస్తాది. ఎడ్యుకేషన్ లోన్ కిస్తీ 11 వేలు, ఇంకా రెండేళ్ళుంది. ఇంటికి 25 వేలు పంపిస్తా. రూమూ తిండీ అన్నీ కలిపి 18 వేలు. సేవింగ్స్ 2 లక్షల 40 వేలున్నాయి. మా నాయనది కదిరిలో చిన్న టైలరింగ్ షాపు, మోకాళ్ళ నొప్పులతో మిషన్ తొక్కడం బాగా తగ్గించేసినాడు. చెల్లి బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం. నాతోపాటు ఒకేరోజు జాయినైన తెనాలి ఫ్రెండ్ ఒకడున్నాడు, అప్పుడు ఇద్దరికీ ఒకే ప్యాకేజీ. వాడు మధ్యలో మానేసి స్టార్టప్‌కి పోయినాడు, అది మూతపడి ఐదు నెలలు ఖాళీగా కూర్చున్నాడు, ఇప్పుడు వేరే కంపెనీలో లక్షా పది వేలు. పోయిన నెల వైట్‌ఫీల్డ్ పక్కన 95 లక్షల ఫ్లాట్‌లో గృహప్రవేశం చేసినాడు. వాళ్ళ నాన్న ఊర్లో అరెకరం అమ్మి 40 లక్షలు సర్దినాడంట. నాకూ రెండుసార్లు బయట ఆఫర్లు వచ్చినాయి, ఏదన్నా తేడా వస్తే ఇంటికి ఏం పంపాలని కదల్లేదు. ఆ ఫంక్షన్ నుంచి వచ్చినప్పట్నుంచి నాకు నిద్ర లేదక్కా, ఇద్దరం ఒకే చోట మొదలుపెట్టినాం కదా, నేనేం తప్పు చేసినా అని. నేనూ 65 లక్షలది ఒకటి చూసి 50 వేలు టోకెన్ కట్టేసినా. డౌన్ పేమెంట్‌కి 12 లక్షలు పర్సనల్ లోన్ తీద్దామని నేను. కదిరిలో మిద్దె అమ్మేద్దాం, 18 లక్షలు వస్తాయని అమ్మ. ఇంకోపక్క ఒక సంబంధం వాళ్ళు, అబ్బాయి పేరు మీద ఫ్లాట్ ఉంటే 15 లక్షలు ఇస్తామంటున్నారు. మూడిట్లో ఏది చేయమంటావు?"

తమ్ముడూ, మూడూ వద్దు. ఎందుకో చెప్తా గానీ ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే నీ ఉత్తరంలో బాధ చాలా ఉంది గానీ కూడికలు అస్సల్లేవు.

65 లక్షల ఫ్లాట్‌కి బ్యాంకు ఇచ్చేది ఎక్కువలో ఎక్కువ 80 శాతం, అది రిజర్వ్ బ్యాంకు పెట్టిన రూలు (30 లక్షల లోపు లోన్‌కి 90 శాతం దాకా, 30 నుంచి 75 దాకా 80, ఆపైన 75 శాతమే), అంటే 52 లక్షలు లోను, 13 లక్షలు నీ జేబులోంచి. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఆ 80 శాతం లెక్కలో కలపరు, అది ఇంకో నాలుగైదు లక్షలు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ళు అనుకుంటే 52 లక్షలకి నెలకి 45 వేల పైచిలుకు కిస్తీ. నువ్వు చెప్తున్న 12 లక్షల పర్సనల్ లోను 13 శాతానికి ఐదేళ్ళంటే ఇంకో 27 వేలు. ఎడ్యుకేషన్ లోన్ 11 వేలు ఎలాగూ ఉంది. కలుపు. 83 వేలు. జీతం 78. ఇంకా నువ్వు ఒక్క ఇడ్లీ కూడా తినలేదు, ఇంటికి ఒక్క రూపాయి పంపలేదు. పర్సనల్ లోన్ సంగతి హోమ్ లోన్ వాళ్ళకి చెప్పకుండా మేనేజ్ చేద్దాం సార్ అని ఆ ఫ్లాట్ ఏజెంట్ చెప్పి ఉంటాడేమో, సిబిల్ (నీ పేరు మీదున్న అప్పుల చిట్టా) తీస్తే రెండు నిమిషాల్లో బయటపడుతుంది, దాని మీద ఆశ పెట్టుకోకు.

మిద్దె అమ్మితే? 18 లక్షల్లో 13 డౌన్ పేమెంట్‌కి, ఐదు రిజిస్ట్రేషన్‌కి, సరిగ్గా అయిపోతాయి, కిచెన్ కప్‌బోర్డులకి కూడా మిగలదు. కిస్తీలు 56 వేలు పోగా చేతిలో 22 ఉంటుంది, ఇల్లు అండర్ కన్‌స్ట్రక్షన్ అయితే ఇక్కడ నీ రూము ఖర్చు 18 అలాగే ఉంటుంది, మిగిలే ఆ నాలుగు వేలల్లో నువ్వు అమ్మానాయనలకి కదిరిలో అద్దె కట్టి, చెల్లి ఫీజు కట్టి, నాయన మందులు కొనాలి. మీ అమ్మకి ఈ లెక్క ఎవరూ చెప్పి ఉండరు. కొడుకు దిగులుగా ఉన్నాడని ఫోన్‌లో గొంతు వినే చెప్పేసి ఉంటుంది, అమ్మలు అలాగే అంటారు, అన్నారు కదాని తీసేసుకోకూడదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఇద్దరం ఒకే చోట మొదలుపెట్టాం అన్నావు చూడు, అక్కడే ఉంది తప్పంతా. జాయినింగ్ డేట్ ఒకటే, ఆఫర్ లెటర్లో అంకె ఒకటే, అంతవరకే.

తెనాలి దగ్గర అరెకరానికి 40 లక్షలు ఎట్లా వచ్చాయో ఒకసారి ఆలోచించు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది (ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ 1957లోది, దానికి ముందున్న పాత కట్ట సంగతి చెప్తున్నా), కాలవలొచ్చాయి, వాన పడినా పడకపోయినా వరి పండింది. వడ్లు అమ్మిన డబ్బుతో ఒక తరం పిల్లల్ని గుంటూరు, మద్రాసు పంపి చదివించుకుంది, చదువుకున్నోళ్ళు ఉద్యోగాలు చేసి టౌన్లలో స్థలాలు కొన్నారు, ఊళ్ళో పొలం కౌలుకిచ్చి అలాగే ఉంచుకున్నారు, ఆ పొలం రేటు వాళ్ళు నిద్రపోతున్నా పెరిగింది. మీ వైపు? దేశంలోనే వాన బాగా తక్కువ పడే ప్రాంతాల్లో ఒకటి, బోరేస్తే నీళ్ళు పడతాయో లేదో తెలీదు, వేరుశనగ విత్తనాలకి కదిరి పేరు పెట్టుకున్నాం గానీ వేరుశనగ వేసినోళ్ళు బాగుపడింది ఎంతమందో నీకు తెలుసు. నాదీ ఆ పక్కే కాబట్టి చెప్తున్నా. అందుకే అంటున్నా, నీ పోటీ ఆ అబ్బాయితో కాదు, వాళ్ళ తాతతో, ఇంకా చెప్పాలంటే వాళ్ళ తాత నాన్నతో. మీ ఇంట్లో ఆ పాత్ర ఇప్పుడు నీది.

అలాగని డెల్టాలో అందరూ అట్లా అయ్యారని కాదు. అదే ఊళ్ళో అదే కాలవ పక్కన నాట్లేసిన కూలీల మనవళ్ళకీ కౌలు రైతుల మనవళ్ళకీ అమ్ముకోడానికి అరెకరం లేదు, భూమి ఎవరి చేతిలో ఉందన్నది కులాన్ని బట్టి వెళ్ళింది, ఇది అందరికీ తెలిసిందే, పైకి అనుకోం అంతే. 2019లో కేంద్రం చేసిన అప్పులు-ఆస్తుల సర్వే చూస్తే పల్లెల్లో కుటుంబాల ఆస్తి విలువలో 69 శాతం భూమే, మొత్తం ఆస్తిలో సగం పైన పై 10 శాతం ఇళ్ళ దగ్గరే ఉంది. మన దగ్గర తాత ఆస్తి అంటే చాలావరకు నేలే. అది చేతులు మారేటప్పుడు పన్ను కూడా ఏం పడదు. చనిపోయినవాళ్ళ ఆస్తి మీద 1953లో పెట్టిన పన్ను, ఎస్టేట్ డ్యూటీ, 1985లో తీసేశారు, తండ్రి కొడుక్కి ఇచ్చే డబ్బు మీద ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, టౌన్‌కి దూరంగా ఉన్న పల్లె పొలం అమ్మితే వచ్చిన లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను కూడా పడదు. నీ 78 వేలేమో టీడీఎస్ కోసేశాక వచ్చిన 78 వేలు. ఇందులో వాడు చేసిన మోసం ఏం లేదు, రూల్సే అట్లా ఉన్నాయి. ఇది మన ఒక్కళ్ళ గోల కూడా కాదులే, ఇటలీలో ఫ్లోరెన్స్ అనే ఊళ్ళో 1427 నాటి పన్ను లెక్కలూ 2011 నాటి పన్ను లెక్కలూ ఇద్దరు ఆర్థికవేత్తలు పక్కపక్కన పెట్టి చూస్తే, అప్పుడు పైనున్న ఇంటి పేర్లే ఆరొందల ఏళ్ళ తర్వాత కూడా పైన కనిపించాయి.

అయితే నన్ను నీ ఉత్తరంలో ఆపింది ఆ 40 లక్షలు కాదు. ఐదు నెలలు ఖాళీగా కూర్చున్నాడు అన్నావే, అది. నువ్వు దాన్ని వాడి బ్యాడ్ లక్ లాగా రాశావు, నాకైతే వాడికి ఇంట్లోవాళ్ళు ఇచ్చిన వాటిలో ఫ్లాట్ కంటే ఖరీదైంది అదే అనిపించింది. స్టార్టప్ మూతపడ్డ మర్నాడు వాడు ఏం చేసి ఉంటాడు? ఊరెళ్ళి ఓ పదిరోజులు పడుకుని ఉంటాడు, తిరిగొచ్చి ఇంటర్వ్యూలకి ప్రిపేరై ఉంటాడు, మొదటొచ్చిన తక్కువ ఆఫర్‌ని వద్దనుంటాడు, అద్దె వాళ్ళ నాన్న పంపుంటాడు. అలా వద్దని ఆగబట్టే లక్షా పది దాకా వచ్చింది. అదే ఐదు నెలలు నీకైతే? కిస్తీ 11, ఇంటికి 25, రూము 18, నెలకి 54 వేలు, ఐదు నెలలకి 2 లక్షల 70 వేలు. నీ సేవింగ్స్ మొత్తం పోయి ఇంకో 30 వేలు అప్పు. ఆ భయంతోనే రెండు ఆఫర్లు వదిలేసుకున్నావు, వదిలేసుకున్నావు కాబట్టే ఐదేళ్ళ తర్వాత వాడికీ నీకూ జీతంలో 32 వేలు తేడా. తెలివిలోనో కష్టంలోనో వచ్చిన తేడా అనుకుని నిద్ర పాడుచేసుకుంటున్నావు. కింద పడితే పట్టుకునేవాళ్ళు ఉన్నారా లేదా అన్న దగ్గర వచ్చింది ఆ తేడా.

ఈ బెంగళూరులో ఇది చిన్న చిన్న వాటిల్లో కూడా కనిపిస్తుంది. మేముండే రామ్మూర్తినగర్‌లో కొత్తగా ఉద్యోగాలొచ్చిన మన పిల్లలు ఇళ్ళు వెతుక్కుంటూ వస్తుంటారు, 25 వేల అద్దె అంటే ముగ్గురూ సరే అంటారు, ఓనర్ "ఆరు నెలల అడ్వాన్స్" అనగానే ఒకడు ఫోన్ తీసి పక్కకెళ్ళి "నాన్నా" అంటాడు, మిగతా ఇద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. ఇక్కడ ఒకప్పుడు పది నెలలడిగేవాళ్ళు, ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. రెండు నెలలకి మించొద్దని 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఉంది గానీ ఓనర్ ముందు ఆ మాట అని చూడు. నాన్న దగ్గర లక్షన్నర ఉన్నోడు ఆఫీసు పక్కన ఇల్లు తీసుకుంటాడు, లేనోడు పీజీలో నలుగురితో ఒక రూములో, లేదంటే రోజూ సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ దాటి రెండు గంటలు బస్సులో. ఆ రెండు గంటల్లో మొదటోడు కోర్సు చేసుకుంటాడు. ఇద్దర్నీ పక్కపక్క సీట్లలో కూర్చోబెట్టి మేనేజర్ అంటాడు, వీడికి ఇనిషియేటివ్ ఎక్కువ అని!

మీ ఫ్రెండ్‌ని తిట్టుకోకు, వాడి తలనొప్పులు వాడికుంటాయి. 40 లక్షలు పెట్టిన నాన్నకి ఏ ఫేసింగు తీసుకోవాలి దగ్గర్నుంచి ఎవర్ని చేసుకోవాలి దాకా మాట చెల్లుతుంది. దాని గురించి వాడు ఉత్తరం రాస్తే వాడికి సమాధానం చెప్తా.

ఇక ఆ సంబంధం. దీన్ని నువ్వు చివర్లో ఒక లైన్లో తోసేశావు, నేను తొయ్యను. ఫ్లాట్ ఉంటే 15 లక్షలు అంటే అది కట్నం, 1961 నుంచి చట్టం ప్రకారం ఇచ్చినా నేరమే పుచ్చుకున్నా నేరమే. అది పక్కన పెట్టినా, ఆ 15 లక్షలు ఎక్కడివి? ఇంకో ఊళ్ళో ఇంకో నాయన ఇంకో మిద్దె అమ్మో పొలం తాకట్టు పెట్టో తెచ్చేవి. నీకు లేని తాత ఆస్తిని ఆ అమ్మాయి తండ్రి దగ్గర్నుంచి లాగి భర్తీ చేసుకోవడం అది. రేపు మీ చెల్లికి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి ఇదే ఉత్తరం నాకు రాస్తాడు, గుర్తుపెట్టుకో. ఆ అమ్మాయి నచ్చితే వెళ్ళి మాట్లాడు, నాకు ఫ్లాట్ లేదు, లోనుంది, ఇంటికి పంపిస్తా అని అంకెలతో సహా చెప్పు. వద్దంటే వద్దంటారు.

మిద్దె గురించి ఇంకోటి. అది ఎవరి ఆస్తి? నాయన టైలరింగ్ చేసి కట్టిన స్వార్జితమైతే ఆయనిష్టం. పెద్దల నుంచి వస్తున్న ఉమ్మడి ఆస్తి అయితే అందులో మీ చెల్లికీ నీతో సమానంగా పుట్టుకతోనే హక్కుంది. మన ఆంధ్రాలో ఎన్టీఆర్ టైములోనే 1986లో పెళ్ళికాని ఆడపిల్లలకి ఇచ్చారు, 2005లో దేశమంతా పెళ్ళయినవాళ్ళకి కూడా ఇచ్చారు, 2005 నాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. నీ ఉత్తరంలో అమ్మ మాటుంది, నాయన మోకాళ్ళున్నాయి, చెల్లి ఫీజు ఉంది గానీ చెల్లి ఏమంటుందో లేదు. అడిగావా? మీ ఇంట్లో ఈ మూడు తరాల్లో పోగైంది ఆ ఒక్క మిద్దె. దాన్ని అమ్మి బిల్డర్ చేతిలో పెట్టొద్దు.

మరి ఏం చెయ్యాలి అంటావు. ఆ అబ్బాయికి వాళ్ళ నాన్న ఇచ్చిన ఐదు నెలలు నీకు నువ్వే కొనుక్కో ముందు, ఫ్లాట్ తర్వాత. ఆర్నెల్ల ఖర్చు, అంటే 54 వేల లెక్కన 3 లక్షల 24 వేలు, వేరే అకౌంట్లో ఎఫ్‌డీ చేసి మర్చిపో. 2.40 ఎలాగూ ఉంది, ఖర్చులు పోను నెలకి 24 వేలు మిగులుతున్నట్టు నీ లెక్కలోనే ఉంది (ఎక్కడికి పోతుందో నేనడగను), అందులో 18 పక్కన పెడితే ఐదు నెలల్లో ఆ అంకె దాటేస్తావు. అది ఉన్న రోజు నుంచి ఆఫర్లు చూడు. 90 రోజుల నోటీస్ పీరియడ్ అయినా భయం ఉండదు, హెచ్ఆర్ వాళ్ళు బేరం ఆడుతుంటే తలూపాల్సిన పనీ ఉండదు. నీ పరిస్థితిలో జీతం 78 నుంచి వందకి తేవడం కంటే పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ ఏ ఫ్లాటూ కాదు. కంపెనీ మారినప్పుడు పీఎఫ్ మాత్రం విత్‌డ్రా చెయ్యకు, ట్రాన్స్‌ఫర్ పెట్టు, ఐదేళ్ళ సర్వీసు పూర్తవకుండా తీస్తే ట్యాక్స్ కూడా పడుతుంది.

దాంతోపాటే అమ్మానాయనలకి హెల్త్ ఇన్సూరెన్స్. మన లాంటి ఇళ్ళల్లో కొడుకు పదేళ్ళ సేవింగ్స్ ఒక్క ఆపరేషన్‌లో పోవడం చూస్తూనే ఉంటాం కదా. మీ కంపెనీ పాలసీలో పేరెంట్స్ ఉంటే మంచిదే, కానీ అది నువ్వు మానేసిన రోజే పోతుంది, అందుకని విడిగా ఒకటి తీసుకో. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు, ముందున్న జబ్బులకి వెయిటింగ్ కూడా 2024 నుంచి మూడేళ్ళకి మించకూడదు. నాయన మోకాళ్ళ సంగతి ఫారంలో దాచొద్దు, దాస్తే క్లెయిమ్ రోజున ఏడవాల్సొస్తుంది. తెల్ల రేషన్ కార్డుంటే ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, అందులో ఏం కవరవుతుందో కదిరి గవర్నమెంట్ ఆస్పత్రిలో ఆ పథకం డెస్కు దగ్గరుండే వైద్యమిత్రని అడగమను.

ఎడ్యుకేషన్ లోను ముందే తీర్చేయాలని తొందరపడకు, రెండేళ్ళేగా, అలా కట్టుకుంటూ పో. పాత ట్యాక్స్ రెజీమ్‌లో ఉంటేనే దాని వడ్డీకి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మినహాయింపు, కొత్త దాన్లో లేదు, ఏదన్నది చూసుకో.

ఇంటికి పంపే 25 వేలు తగ్గించాలా అని నువ్వు అడగలేదు గానీ మనసులో ఉందని నాకు తెలుస్తోంది. ఇప్పుడు తగ్గించొద్దు. కానీ ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక తెల్లకాగితం మీద జీతం, కిస్తీ, రూము, మిగిలేది రాసి నాయన ముందు పెట్టు. బెంగళూరు జీతం అంటే ఊళ్ళో అందరూ ఏదో ఊహించుకుంటారు, అమ్మానాయన కూడా. చెల్లి కోర్సు నాలుగేళ్ళు, ఇంకో ఏడాదిన్నరకి ఉద్యోగంలో చేరుతుంది, అప్పుడు ఎవరెంత ఇవ్వాలి అనేది ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి, చెల్లిని కూడా కూర్చోబెట్టి. అప్పటికి నీ కిస్తీ కూడా చివరికొస్తుంది, 11 వేలు నీకు తిరిగొస్తాయి. ముప్ఫై, ముప్ఫై ఒకటికి ఇల్లు గురించి ఆలోచిస్తే అప్పుడు డౌన్ పేమెంట్ నీ డబ్బే అయ్యుంటుంది. లేటు కాదా అంటే, వాడితో పోలిస్తే లేటే, మీ నాయనతో పోలిస్తే? ఆయన సొంత మిద్దెకి ఏ వయసులో వచ్చాడో అడుగు ఒకసారి.

ఇక ఆ 50 వేల టోకెన్. ఇది ఈ వారంలోనే చెయ్యి. రెరా చట్టం (ఇళ్ళు కొనేవాళ్ళ కోసం పెట్టిన రియల్ ఎస్టేట్ చట్టం) ప్రకారం రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు, అంటే ఇంకో విడత కట్టమని ఏజెంట్ ఒత్తిడి పెడితే అగ్రిమెంట్ ఏదని అడిగే హక్కు నీకుంది. బుకింగ్ ఫారంలో క్యాన్సిలేషన్ గురించి ఏం రాశారో చదువు, పూర్తిగా వెనక్కి వస్తుందా, కొంత కోస్తారా అనేది దాన్ని బట్టే. ఫోన్లో చెప్పి ఊరుకోకు, క్యాన్సిల్ చేసుకుంటున్నానని మెయిల్ పెట్టు, రసీదు కాపీ జత చెయ్యి, బిల్డర్ ఆఫీసుకీ ఏజెంట్‌కీ ఇద్దరికీ పంపు. కొంత కోసినా ఆగకు, పోయేది పది వేలో ఇరవై వేలో.